లీసెస్టర్‌లో పోయిన మూడు పరుగులు: 1999 సూపర్ సిక్స్ లెక్క అసలేంటి?

1999 ప్రపంచకప్ గురించి మనవాళ్లలో ఎవరిని కదిపినా ముందు టాంటన్ వస్తుంది. గంగూలీ 183, ద్రావిడ్ 145, ఇద్దరి భాగస్వామ్యం 318. ఆ తర్వాత బ్రిస్టల్‌లో సచిన్ సెంచరీ. ఆ తర్వాత ఓల్డ్ ట్రాఫర్డ్‌లో పాకిస్తాన్ మీద వెంకటేశ్ ప్రసాద్ తీసిన ఐదు వికెట్లు. ఇవన్నీ చెప్పుకున్నాక ఎవరో ఒకరు అడుగుతారు: "ఇంత ఆడి సెమీస్‌కి ఎందుకు పోలేదురా?" దానికి ఎప్పుడూ వచ్చే జవాబు ఒకటే, "జింబాబ్వే చేతిలో ఓడిపోయాం కదా" అని. అది నిజమే, కానీ సగం నిజం. ఎందుకంటే జింబాబ్వే చేతిలో ఓడాక కూడా మనం గ్రూపులో రెండో స్థానంలో నిలిచాం. మూడు మ్యాచ్‌లు వరసగా గెలిచాం. అయినా సూపర్ సిక్స్ అనే రెండో దశలోకి అడుగు పెట్టేసరికి మన పేరు పక్కన ఉన్న అంకె సున్నా.

ఆ సున్నాను నేను నా చేత్తోనే రాశాను. అప్పటికి ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలయ్యాయి. వేసవి సెలవులు. లెక్కల నోటుపుస్తకంలో చివర మిగిలిన తెల్లకాగితాల మీద స్కేలు పెట్టి గీతలు గీసి పాయింట్ల పట్టిక వేసుకునేవాణ్ణి. ఆడినవి, గెలిచినవి, ఓడినవి, పాయింట్లు, రన్‌రేట్. మ్యాచ్‌లు మన టైముకి మధ్యాహ్నం మూడుంబావుకి మొదలయ్యేవి. రాత్రి మ్యాచ్ అయ్యాక రబ్బరుతో పాత అంకె చెరిపి కొత్తది వేయడం, పొద్దున పేపర్లో వచ్చిన పట్టికతో సరిచూసుకోవడం. మే నెలాఖరున పేపర్లో సూపర్ సిక్స్ పట్టిక వచ్చింది. ఇండియా: 0. అచ్చుతప్పు అనుకున్నాను. మా బాబాయి పేపరు తీసుకుని రెండుసార్లు చదివి, "తప్పు కాదురా, మనం గెలిచినవన్నీ ఇంటికెళ్లిపోయినోళ్ల మీద" అన్నాడు. ఆ ఒక్క మాటలో మొత్తం చిక్కు ఉంది. నాకది అర్థం కావడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

ముందు పద్ధతి చూద్దాం. ఇంగ్లాండ్‌లో జరిగిన ఆ టోర్నీలో 12 జట్లు. ఆరేసి జట్లతో రెండు గ్రూపులు. మన గ్రూపులో సౌతాఫ్రికా, ఇంగ్లాండ్, శ్రీలంక, జింబాబ్వే, కెన్యా. అవతలి గ్రూపులో పాకిస్తాన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, వెస్టిండీస్, బంగ్లాదేశ్, స్కాట్లాండ్. ఒక్కో గ్రూపు నుంచి మూడు జట్లు పైకి వస్తాయి. ఆ ఆరూ కలిస్తే సూపర్ సిక్స్. అందులో పైన నిలిచిన నాలుగు జట్లు సెమీస్‌కి. అక్కడ ప్రతి జట్టూ అవతలి గ్రూపు నుంచి వచ్చిన మూడు జట్లతోనే ఆడుతుంది. సొంత గ్రూపు వాళ్లతో మళ్లీ ఆడదు. వాళ్లతో అంతకుముందు ఆడిన మ్యాచ్‌ల పాయింట్లనే వెంట తెచ్చుకుంటుంది.

చాలామంది తికమక పడింది ఇక్కడే. "గ్రూపు పాయింట్లు వెంట వస్తాయి" అంటే గ్రూపులో సంపాదించినవన్నీ వస్తాయనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. అది తప్పు. సూపర్ సిక్స్‌ను ఆరు జట్లు ఆడే ఒక విడి లీగ్‌గా చూస్తే విషయం తేలిపోతుంది. ఆరు జట్ల లీగ్‌లో ఒక్కో జట్టుకు ఐదు మ్యాచ్‌లు. ఆ ఐదింటిలో రెండు గ్రూపు దశలోనే అయిపోయాయి, మూడు మిగిలాయి. అంతే. పైకి రాని జట్లు ఆ లీగ్‌లో లేవు కాబట్టి వాటి మీద గెలిచిన మ్యాచ్‌లకు అందులో చోటు లేదు.

ఇలా ఎందుకు పెట్టారంటే దానికి కారణం ఉంది. అంతకుముందు 1996లో కూడా 12 జట్లే, రెండు గ్రూపులే. కానీ ఒక్కో గ్రూపు నుంచి నాలుగు జట్లు క్వార్టర్ ఫైనల్స్‌కి వెళ్లాయి. పెద్ద జట్లు ఎలా ఆడినా దాదాపు పైకి వచ్చేస్తాయి కాబట్టి మూడు వారాలు జరిగిన గ్రూపు మ్యాచ్‌లకు బరువు లేకుండా పోయింది. దాన్ని సరిచేయడానికి, గ్రూపు దశలో పెద్ద జట్టు మీద గెలిస్తే దాని ఫలితం చివరిదాకా నిలవాలని ఈ పద్ధతి తెచ్చారు. ఆలోచన మంచిదే అని నేను ఇప్పటికీ అంటాను. కాకపోతే ఇందులో ఒక మెలిక ఉంది. ఒక మ్యాచ్ గెలిచినప్పుడు దాని విలువ ఎంతో ఆ రోజు తెలియదు. నువ్వు ఓడించిన జట్టు తర్వాత ఏమైందన్న దాన్నిబట్టి అది తేలుతుంది.

ఇప్పుడు మన గ్రూపులో జరిగింది చూడండి. మే 15న హోవ్‌లో మొదటి మ్యాచ్. గంగూలీ 97 కొట్టినా కలిస్ 96తో సౌతాఫ్రికా నాలుగు వికెట్ల తేడాతో గెలిచింది. మే 19న లీసెస్టర్‌లో జింబాబ్వే. ఆ రోజు సచిన్ లేడు. నాన్నగారు పోయారని కబురొచ్చి ముంబై వెళ్లాడు. జింబాబ్వే ముందు ఆడి 252 చేసింది. అందులో 51 మనం ఎక్స్‌ట్రాలుగా ఇచ్చినవే. ఆండీ ఫ్లవర్ 68 నాటౌట్. జింబాబ్వేలో అతనొక్కడే ఎక్స్‌ట్రాల కంటే ఎక్కువ కొట్టి ఉంటాడని బాబాయి విసుక్కున్నాడు. పైగా మనవాళ్లు ఓవర్లు నెమ్మదిగా వేశారని నాలుగు ఓవర్లు కోత పెట్టారు. అంటే 253 కొట్టడానికి మనకు 46 ఓవర్లే.

అయినా చివరికి చేతిలోకి వచ్చిన మ్యాచ్ అది. రెండు ఓవర్లు, 9 పరుగులు, చేతిలో మూడు వికెట్లు. రాబిన్ సింగ్ క్రీజులో ఉన్నాడు. అప్పటికి రాత్రి బాగా పొద్దుపోయింది. మా ఇంట్లో అందరూ టీవీ ముందే ఉన్నారు. ఓవర్ అందుకున్నవాడు హెన్రీ ఒలోంగా. ఆ ఒక్క ఓవర్లోనే ముగ్గురూ వెళ్లిపోయారు. రాబిన్ సింగ్, శ్రీనాథ్, ప్రసాద్. 249 ఆలౌట్, ఇంకో ఓవర్ వాడకుండానే. మూడు పరుగుల తేడా. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. అమ్మ లేచి టీవీ కట్టేసింది.

తర్వాత వచ్చినవి మన రోజులు. సచిన్ తిరిగొచ్చి మే 23న కెన్యా మీద 140 నాటౌట్ చేసి బ్యాటు ఎత్తి ఆకాశం వైపు చూశాడు. ఆ చూపు చూసి కళ్లు తడవని అభిమాని నాకు తెలిసి లేడు. మూడు రోజులకు టాంటన్‌లో శ్రీలంక మీద 373. ఆ తర్వాత ఎడ్జ్‌బాస్టన్‌లో ఇంగ్లాండ్‌తో, వానతో రెండో రోజుకు పాకిన మ్యాచ్‌లో 63 పరుగుల తేడాతో గెలుపు. మూడుకు మూడు. నా పట్టికలో మనకు 6 పాయింట్లు, రన్‌రేట్‌లో గ్రూపులో అందరికంటే ముందే ఉన్నాం.

కానీ మే 29న, మనం ఇంగ్లాండ్‌తో ఆట మొదలుపెట్టిన రోజే, చెమ్స్‌ఫర్డ్‌లో ఇంకొకటి జరిగింది. అప్పటిదాకా ఒక్కటీ ఓడని సౌతాఫ్రికాను జింబాబ్వే 48 పరుగుల తేడాతో ఓడించింది. నీల్ జాన్సన్ 76 కొట్టి, మూడు వికెట్లు కూడా తీశాడు. దాంతో జింబాబ్వేకూ 6 పాయింట్లు వచ్చాయి. మర్నాడు మన చేతిలో ఓడిన ఇంగ్లాండ్‌కూ 6. రన్‌రేట్‌లో ఇంగ్లాండ్ వెనకబడి, సొంతగడ్డ మీద ఇంటిముఖం పట్టింది.

ఇక బాబాయి మాట దగ్గరికి రండి. మనం గెలిచింది కెన్యా, శ్రీలంక, ఇంగ్లాండ్ మీద. ముగ్గురూ వెళ్లిపోయారు. మనం ఓడింది సౌతాఫ్రికా, జింబాబ్వేల చేతిలో. ఇద్దరూ పైకి వచ్చారు. కాబట్టి మనం వెంట తెచ్చుకున్నది సున్నా. జింబాబ్వే మాత్రం ఆ ఇద్దర్నీ, అంటే మననీ సౌతాఫ్రికానీ, ఓడించింది కాబట్టి దానికి 4. సౌతాఫ్రికాకు 2. గ్రూపు పట్టికలో మన కింద ఉన్న జింబాబ్వే, తెల్లారేసరికి మనకంటే 4 పాయింట్లు పైన కూర్చుంది. 318 భాగస్వామ్యం, 373 స్కోరు, అంతా కలిపి కొత్త పట్టికలో ఒక్క పాయింటు కూడా కాలేదు.

లీసెస్టర్ దెబ్బ ఒక్క మ్యాచ్‌తో పోయిన 2 పాయింట్లే అనుకుంటారు. అసలు లోతు అది కాదు. ఆ రోజు ఇంకో నాలుగు పరుగులు వచ్చి మనం గెలిచి ఉంటే, మిగతావన్నీ జరిగినట్టే జరిగాయనుకుంటే, జింబాబ్వే 4 పాయింట్ల దగ్గర ఆగిపోయి ఇంటికి వెళ్లేది. దాని బదులు 6 పాయింట్లున్న ఇంగ్లాండ్ పైకి వచ్చేది. అప్పుడు ఇంగ్లాండ్ మీద మన గెలుపు బతికేది. అంటే లీసెస్టర్‌లో గెలిచినందుకు వచ్చే పాయింట్లు జింబాబ్వేతోపాటు పోయినా, ఎడ్జ్‌బాస్టన్‌లో సంపాదించిన 2 పాయింట్లు మనతో వచ్చేవి. ఆ మూడు పరుగులు ఒక మ్యాచ్‌ను మాత్రమే తీసుకుపోలేదు, పదకొండు రోజుల తర్వాత ఇంకో ఊళ్లో మనం గెలవబోయే మ్యాచ్ విలువను కూడా ముందే తీసుకుపోయాయి.

పోనీ ఇంగ్లాండ్ మీద గెలవకుండా ఉంటే? అదీ కుదరదు. ఓడితే మనకు 4 పాయింట్లే, గ్రూపులోనే ఆట ముగిసేది. గెలిస్తే ఇంగ్లాండ్ బయటికి పోయి ఆ గెలుపు లెక్కలోంచి పోతుంది. రెండు దారుల్లో ఏదైనా సున్నాతోనే నిలబడాలి. ఇది తెలిశాక అజహర్ జట్టు మీద అప్పుడున్న కోపం నాకు చాలావరకు తగ్గింది.

ఇక్కడ రన్‌రేట్ గురించి ఒక మాట చెప్పాలి. ఓవర్‌కి సగటున మనం చేసిన పరుగుల్లోంచి, ఓవర్‌కి సగటున మనం ఇచ్చిన పరుగులు తీసేస్తే నెట్ రన్‌రేట్. జట్టు ఆలౌటైతే ఎన్ని ఓవర్లు ఆడిందని చూడరు, ఎన్ని ఓవర్లు ఆడే హక్కు ఉందో అన్నిటితో భాగిస్తారు. లీసెస్టర్‌లో మన హక్కు 46 ఓవర్లు. 249ని 46తో భాగిస్తే 5.41. జింబాబ్వే 252ని 50తో భాగిస్తే 5.04. మ్యాచ్ ఓడాం, ఆ మ్యాచ్‌లో మన రన్‌రేట్ మాత్రం వాళ్లకంటే ఎక్కువ. నెమ్మదిగా ఓవర్లు వేసినందుకు పడిన శిక్ష, రన్‌రేట్ లెక్కలో మనకు మేలు చేసింది. నోటుపుస్తకంలో ఈ లెక్క తేలినప్పుడు మూడుసార్లు మళ్లీ భాగించి చూసుకున్నాను.

వెంట తెచ్చుకునే పాయింట్ల పద్ధతి ఎంత దూరం పోగలదో అవతలి గ్రూపులో ఆస్ట్రేలియా చూపించింది. వాళ్లు న్యూజిలాండ్ చేతిలో, పాకిస్తాన్ చేతిలో ఓడారు. చివరి మ్యాచ్ మే 30న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో వెస్టిండీస్‌తో. మెక్‌గ్రాత్ 14 పరుగులకు ఐదు వికెట్లు తీసి విండీస్‌ను 110కి చుట్టేశాడు. 111 కొట్టడానికి ఆస్ట్రేలియా 40.4 ఓవర్లు తీసుకుంది. చేతకాక కాదు, కావాలనే. విండీస్ రన్‌రేట్ మరీ పడిపోకుండా ఉంటే న్యూజిలాండ్ బదులు విండీస్ పైకి వస్తుంది. అప్పుడు ఆ రోజు గెలిచిన 2 పాయింట్లు ఆస్ట్రేలియా వెంట వస్తాయి. న్యూజిలాండ్ వస్తే సున్నా. స్టేడియంలో జనం గేలి చేశారు. మర్నాడు ఎడిన్‌బరోలో న్యూజిలాండ్ స్కాట్లాండ్‌ను 121కి ఆలౌట్ చేసి, 17.5 ఓవర్లలోనే కొట్టేసి పైకి వచ్చేసింది. ఆస్ట్రేలియా కూడా మనలాగే సున్నాతో మొదలైంది.

ఆస్ట్రేలియా కెప్టెన్ స్టీవ్ వా చేసిందాన్ని అప్పుడు నేను మోసం అన్నాను. ఇప్పుడు అలా అనలేను. మ్యాచ్ గెలవడం కంటే ఎవరి మీద గెలిచామన్నదానికి విలువ ఎక్కువ పెట్టిన పద్ధతిలో కెప్టెన్ దాని ప్రకారమే ఆలోచిస్తాడు. తప్పు ఉంటే నియమంలోనే ఉంది.

సూపర్ సిక్స్‌లో మన కథ పొట్టిది. జూన్ 4న ఓవల్‌లో ఆస్ట్రేలియా మీద సచిన్ డకౌట్. అజయ్ జడేజా సెంచరీ, రాబిన్ సింగ్ 75 సరిపోలేదు. 77 పరుగుల ఓటమి. జూన్ 8న పాకిస్తాన్ మీద గెలుపు. కార్గిల్‌లో యుద్ధం నడుస్తున్న రోజులవి. ఆ రాత్రి మా వీధిలో టపాసులు పేలాయి. కానీ నా పట్టికలో అప్పటికే పరిస్థితి ఏంటంటే, మనకు 2, జింబాబ్వేకు 5. న్యూజిలాండ్‌తో దాని మ్యాచ్ వానకు పోయి చెరో పాయింటు దక్కింది కదా. చివరి మ్యాచ్ గెలిచినా మనం 4 దగ్గరే ఆగుతాం. ఆస్ట్రేలియా సౌతాఫ్రికా చేతిలో ఓడి అదే 4 దగ్గర ఉండిపోతేనే మాట. అప్పుడైనా మనని ఓడించిన జట్టు, రన్‌రేట్‌లోనూ మనకంటే పైన ఉన్న జట్టు అది. అంటే దారి మూసుకుపోయింది. నేనా సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. జూన్ 12న ట్రెంట్‌బ్రిడ్జ్‌లో న్యూజిలాండ్‌తో మ్యాచ్‌ని అందరూ ఆశగా చూస్తుంటే నేనూ వాళ్లతోపాటే చూశాను. ట్వోస్ చివరిదాకా నిలబడి కివీస్‌ను గెలిపించాడు.

మర్నాడు హెడింగ్లీ. సౌతాఫ్రికా 271. ఆస్ట్రేలియా 48కే మూడు వికెట్లు పోగొట్టుకున్నాక స్టీవ్ వా వచ్చాడు. 56 దగ్గర అతని క్యాచ్‌ని గిబ్స్ పట్టినట్టే పట్టి, సంబరంగా పైకి విసరబోతూ వదిలేశాడు. వా 120 నాటౌట్, రెండు బంతులు మిగిలుండగా గెలుపు. ఆ క్యాచ్ ప్రపంచకప్‌నే పోగొట్టిందని అందరూ చెప్పుకుంటారు. కానీ అది పడినప్పుడు ఇంకో జట్టు కూడా పడిపోయిందని ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఆస్ట్రేలియా ఆ రోజు ఓడి ఉంటే 4 పాయింట్లతో ఇంటికి. 5 పాయింట్లతో ఎదురుచూస్తున్న జింబాబ్వే సెమీస్‌కి. ఆస్ట్రేలియా గెలిచింది. 5 పాయింట్లే ఉన్న న్యూజిలాండ్ రన్‌రేట్‌తో ముందుకు పోయింది, జింబాబ్వే ఆగిపోయింది. మనని ఏడిపించిన ఆ జట్టు మీద ఆ రాత్రి నాకు జాలి కలిగింది.

ఇక జూన్ 17, ఎడ్జ్‌బాస్టన్. ఆస్ట్రేలియా 213. సౌతాఫ్రికాకు చివరి ఓవర్లో 9 కావాలి, చేతిలో ఒకటే వికెట్. ఫ్లెమింగ్ బౌలింగ్. క్లూసెనర్ మొదటి రెండు బంతులూ బౌండరీకి కొట్టాడు. స్కోర్లు సమానం, నాలుగు బంతులు, ఒక్క పరుగు. మూడో బంతికి డొనాల్డ్ కొద్దిలో రనౌట్ తప్పించుకున్నాడు. నాలుగో బంతికి క్లూసెనర్ కొట్టి పరుగెత్తుకొచ్చాడు. డొనాల్డ్ బంతినే చూస్తూ నిలబడిపోయాడు. కదిలేసరికి బ్యాటు చేతిలోంచి జారింది. మార్క్ వా నుంచి ఫ్లెమింగ్, ఫ్లెమింగ్ నుంచి గిల్‌క్రిస్ట్. టై.

ఆ రోజుల్లో సూపర్ ఓవర్ లేదు. సెమీస్ టై అయితే సూపర్ సిక్స్‌లో పైస్థానంలో ఉన్నవాళ్లే ఫైనల్‌కి. పాకిస్తాన్, ఆస్ట్రేలియా, సౌతాఫ్రికా, మూడింటికీ తలా 6 పాయింట్లు. ఒకరిమీద ఒకరు గెలిచిన లెక్కా తేలదు: పాకిస్తాన్ ఆస్ట్రేలియాను, ఆస్ట్రేలియా సౌతాఫ్రికాను, సౌతాఫ్రికా పాకిస్తాన్‌ను ఓడించాయి. అందుకే రన్‌రేట్ చూశారు. ఆస్ట్రేలియా రెండు, సౌతాఫ్రికా మూడు. క్లూసెనర్ ఆగకుండా పెవిలియన్ వైపు పరుగెత్తుకుంటూ పోవడం ఇప్పటికీ కళ్లముందుంది. లార్డ్స్‌లో ఫైనల్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పాకిస్తాన్ 132, ఆస్ట్రేలియా 20.1 ఓవర్లలో 133.

2003లో సౌతాఫ్రికాలో జరిగిన ప్రపంచకప్‌లోనూ సూపర్ సిక్సే పెట్టారు, కాకపోతే లెక్క మార్చారు. గెలుపుకు 4 పాయింట్లు, వాన వచ్చి ఆగిపోతే రెండేసి. పైకి వచ్చిన జట్టు మీద గెలిచి ఉంటే 4 వెంట వస్తాయి, ఇంటికెళ్లిన జట్టు మీద గెలిచినా ఒక పాయింటు వస్తుంది. ఆ ఒక్క పాయింటు చూడగానే నాకు మన టాంటన్ గుర్తొచ్చింది. అటక మీద ట్రంకుపెట్టెలోంచి ఆ నోటుపుస్తకం తీసి, 1999ని కొత్త లెక్కలో మళ్లీ వేసి చూశాను.

ఇండియాకు కెన్యా, శ్రీలంక, ఇంగ్లాండ్‌ల మీద 3, పాకిస్తాన్ మీద 4, మొత్తం 7. అప్పుడూ ఆఖరే. అది చూసి బాధపడ్డాను గానీ ఆశ్చర్యపోలేదు. జింబాబ్వే 11, న్యూజిలాండ్ 12. పాకిస్తాన్ 14. ఆస్ట్రేలియా 15. సౌతాఫ్రికా 15.

పెన్ను అక్కడ ఆగింది. సెమీస్‌లో ఒకటో జట్టు నాలుగో జట్టుతో, రెండోది మూడోదానితో ఆడతాయి. ఈ లెక్కలో ఆస్ట్రేలియా, సౌతాఫ్రికాలే మొదటి రెండు స్థానాలు. ఎవరు ముందన్నది ఎలా తేలినా ఆ రెండు జట్లు సెమీస్‌లో ఎదురుపడవు. ఒకరికి న్యూజిలాండ్, ఇంకొకరికి పాకిస్తాన్. జూన్ 17న ఎడ్జ్‌బాస్టన్‌లో డొనాల్డ్ ఆ క్రీజులో నిలబడే పనే లేదు. ఆ పేజీ పక్కనే పాత పట్టిక ఉంది. అందులో లీసెస్టర్ వరసలో నేను అన్నిసార్లు చెరిపినచోట కాగితం చిల్లుపడి, వెనక పేజీలోని లెక్క కనిపిస్తోంది.